మూడొందల ఏళ్ల గురుసిద్ధప్ప

ధార్వాడ లైన్ బజార్‌లో ఒక పేఢా దుకాణం పైన ఇందుమతి బెళవడి డిటెక్టివ్ ఆఫీసు ఉంది. కింద పొద్దస్తమానం కోవా వేగుతూ ఉంటుంది కాబట్టి, ఎంత భయపడి వచ్చిన మనిషైనా మెట్లెక్కేసరికి కొంచెం ఆకలితో ఉంటాడు. ఇందక్క ఆ అవకాశాన్ని వదులుకోదు. ముందు పేఢా పెట్టి తర్వాత ప్రశ్న వేస్తుంది. నోట్లో తీపి ఉన్నవాడు అబద్ధం నెమ్మదిగా చెబుతాడని ఆవిడ నమ్మకం.

ఆ రోజు వాన. వచ్చిన అమ్మాయి నిలువునా తడిసి ఉంది. ఆమె దగ్గర రెయిన్‌కోటు ఉంది కానీ, దాన్ని తొడుక్కున్నది ఆమె కాదు, ఆమె చంకలో ఉన్న లావుపాటి కట్ట.

"కూర్చో తల్లీ," అంది ఇందక్క. "థీసిస్ తడవలేదు కదా?"

అమ్మాయి బిత్తరపోయింది. "మీకెలా తెలుసు?"

"కన్నబిడ్డకో థీసిస్‌కో తప్ప ఎవరూ తమ రెయిన్‌కోటు ఇవ్వరు. బిడ్డయితే ఈపాటికి ఏడ్చేది."

మూలన కంప్యూటర్ ముందున్న సునంద నవ్వాపుకుంది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఇందక్క దగ్గర అసిస్టెంటుగా చేరిన పిల్ల. "జీతం సగమైంది, సరదా మూడింతలైంది," అని స్నేహితులకి చెప్పుకుంటుంది. ఇందక్క ఇలాంటి మాట అన్నప్పుడల్లా ఆ లెక్క సరిగ్గా సరిపోయినట్టు అనిపిస్తుంది.

అమ్మాయి పేరు గంగోత్రి కమ్మార. ఊళ్లో ఒక కాలేజీలో జానపద విభాగంలో ఎం.ఎ. చదువుతోంది. థీసిస్ కసూతి కుట్టు మీద. ధార్వాడ ఆడవాళ్లు ఇలకల్ చీరల మీద కుట్టే తేర్లు, గోపురాలు, ఏనుగులు, ఆ కుట్టు చుట్టూ అల్లుకున్న పాటలు, మాటలు. థీసిస్ ఇచ్చిన వారానికి కాలేజీ కంప్యూటర్ దాన్ని పరీక్షించి, పెద్ద అధ్యాయం మొత్తం కాపీ అని తేల్చింది. అదే విషయం, దాదాపు అవే వాక్యాలు, అంతకుముందే కాలేజీ పత్రికలో అచ్చయ్యాయి. రాసినవారు విభాగాధిపతి అనసూయా తొరగల్. గంగోత్రికి గైడు కూడా ఆవిడే.

"శనివారం కమిటీ కూర్చుంటుంది. దొంగతనం అని తేలిస్తే డిగ్రీ ఇవ్వరు," అంది గంగోత్రి. "నేను రాసిందే నేను కాపీ కొట్టానంటున్నారు. మా నాన్న కమ్మరి అక్కా. తను చేసిన కొడవలి మీద తన ముద్ర కొడతాడు. పక్కూరి కొడవలి సానకొస్తే సాన పడతాడు కానీ, దాని మీద తన ముద్ర మాత్రం కొట్టడు. ఆ ఇంట్లో పుట్టినదాన్ని నేను కాపీ కొడతానా?"

ఆమె తల వంగలేదు. సునందకి ఆ అమ్మాయి అక్కడే నచ్చేసింది.

"మొదట రాసిన ప్రతి ఉందా?" అడిగింది ఇందక్క.

రెయిన్‌కోటులోంచి రెండు కట్టలు బయటికొచ్చాయి. ఒకటి థీసిస్. రెండోది మొదటి డ్రాఫ్ట్, పత్రికలో వ్యాసం రాకముందు గైడుకిచ్చి, దిద్దించి తెచ్చుకున్నది. అంచుల్లో అక్కడక్కడా వ్యాఖ్యలున్నాయి.

ఇందక్క డ్రాఫ్ట్‌ని ముందునుంచి చదవలేదు. వెనక్కి తిప్పింది. చివర పేజీల్లో ఎవరు ఏ మాట చెప్పారో పేరు పేరునా రాసి ఉంది. కుట్టు నేర్పినవాళ్లు, పాట పాడినవాళ్లు, దారి చూపించినవాళ్లు. ఆఖరికి ఒకావిడ దగ్గర టీ తాగితే ఆ టీ సంగతి కూడా ఉంది.

"మా క్లాసులో అందరూ నవ్వుతారు," అంది గంగోత్రి. "నీ నోట్సులో బస్ కండక్టర్ పేరు కూడా పెట్టవే అంటారు."

"పెట్టావా?"

"ఒకాయన పెట్టమన్నాడు. కానీ ఆయన చెప్పింది తప్పని తేలింది, తీసేశాను."

ఇందక్క వేలు ఒకచోట ఆగింది. తేరు కుట్టు దగ్గరున్న పాటకి రాసిన నోట్: 'ఈరవ్వ, మాటల్లో. నాతో మాట్లాడుతూ అప్పటికప్పుడు అల్లింది. నవ్వుతూ చెప్పింది.'

ఆవిడ పేజీలు ముందుకి తిప్పి ఆ పాట తీసింది.

ముడి లేని దారంతో తేరు కుడుతూ కూచుంటే
పొయ్యి మీద పాలు పొంగె, పొంగి నిప్పు ఆరిపాయె;
ఆరిన పొయ్యి ముందు ఆకలితో నిలిచినాడు
గుమ్మమెక్కి వచ్చినాడు గురుసిద్ధప్ప దొర!

పాట కింద గంగోత్రి 'ఈ ఒడపు' అని మొదలుపెట్టి ఏదో రాసింది. ఆ 'ఒడపు' అన్న మాట చుట్టూ ఎవరో సున్నా చుట్టి, అంచులో రాశారు: 'ఇది ఏమిటి? వివరించాలి.'

ఇందక్క దాన్ని చూసి పెద్దగా నవ్వింది. "ఇది ఎవరు రాశారమ్మా?"

"మేడమే. బయటివాళ్లకి అర్థమయ్యేలా రాయమంటున్నారేమో అనుకున్నాను."

"కమిటీకి ఈ నోట్స్ చూపించావా?"

"చూపించాను. నోట్స్‌దేముంది, తర్వాత ఎవరైనా రాసుకోవచ్చు అన్నారు. ఈరవ్వని పిలవమన్నాను. మీ ముసలమ్మ నీ తరఫునే మాట్లాడుతుందిలే అన్నారు."

"పేఢా తిను," అంది ఇందక్క. "కేసు తీసుకుంటున్నాను."

*

అనసూయా తొరగల్ గది నిండా పుస్తకాలు, గోడల నిండా సన్మాన పత్రాలు. పత్రాల మధ్య కూర్చున్న మనిషి కూడా వాటిలాగే ఫ్రేము కట్టినట్టు నిటారుగా ఉంది.

"ముప్పై ఏళ్లుగా పల్లెలు తిరిగాను," అంది. "ఈ చెప్పులు అరిగినంత ఈ కాలేజీలో ఎవరి చెప్పులూ అరగలేదు. నేను ఒక ఎం.ఎ. పిల్ల రాత దొంగిలిస్తానా?"

"అలా నేను అనలేదు మేడమ్," అంది ఇందక్క. "మీరు ఆ అమ్మాయి డ్రాఫ్ట్ చూశారా?"

"వంద డ్రాఫ్టులొస్తాయి. ఏది ఎప్పుడొచ్చిందో ఎవరికి గుర్తుంటుంది?"

"మీ వ్యాసంలో తేరు పాట చాలా బాగుంది. ఎక్కడ దొరికింది?"

"వ్యాసంలోనే ఉంటుంది, చూసుకోండి."

"చూశాను. మీ నోట వినాలని."

"నాకు మీటింగ్ ఉంది."

సునంద పెన్ను కొరుకుతూ ఆ సమాధానాలు రాసుకుంది. ఇందక్క లేవబోతూ, ఇంకేమీ తోచనట్టు అడిగింది. "మీ పెళ్లిలో గుమ్మం దగ్గర ఒడపు చెప్పించారా మేడమ్? మా అత్తగారింట్లో నన్ను అరగంట నిలబెట్టేశారు. ఎండలో."

ఫ్రేము కట్టిన ముఖం మొదటిసారి కదిలింది. "చెప్పించరా మరి! మా ఆడపడుచులు తలుపుకి అడ్డంగా పడుకున్నారు. ఉత్తినే మొగుడి పేరు చెబితే ఒప్పుకుంటారా? పాట కట్టి చెప్పాల్సిందే." ఆవిడ గొంతు సవరించుకుని, చేతిలో లేని హారతి పళ్లెం ఉన్నట్టుగా పట్టుకుంది.

వెండి గిన్నెలో వెన్నముద్ద, గిన్నె చుట్టూ చీమలబారు,
ఎన్ని చదువులు చదివినా ఇక్కడ నేను కొత్తదాన్ని;
మల్హారరావుగారి పేరు చెప్పి లోపలికొస్తున్నాను,
దారి వదలండి వదినలారా, కాళ్లు కాలుతున్నాయి!

ముగ్గురూ నవ్వేశారు. ఆవిడ తేరుకుని మళ్లీ మీటింగ్ గుర్తు చేసుకుంది.

వరండాలోకి రాగానే సునంద గుసగుసలాడింది. "ఆవిడే అక్కా! తన వ్యాసంలో ఏముందో చెప్పలేకపోయింది."

"ఆవిడ రాయలేదు."

"మరి?"

"నువ్వూ ఆ గదిలోనే ఉన్నావుగా పిల్లా," అంది ఇందక్క. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

*

తొరగల్ మేడమ్ దగ్గర పరిశోధన చేస్తున్న సుదర్శన్ క్యాంటీన్‌లో దొరికాడు. ముందున్న గిర్మిట్ ప్లేటులోంచి మరమరాలు పక్కకి తోసి ఉల్లిపాయలు మాత్రమే తింటున్నాడు. సముద్రం వైపు కుర్రాడు. ఉడుపి పక్క ఊరు.

"ఇక్కడికొచ్చాక చేప ముఖం చూడలేదండీ," అన్నాడు. "పొద్దున జొన్నరొట్టె, రాత్రి జొన్నరొట్టె. దవడలు పడిపోయాయి."

"మేడమ్ దగ్గర ఏం పని చేస్తావు?" అడిగింది ఇందక్క.

"ఏదుంటే అది. మేడమ్‌కి ఆఫీసు పనే సరిపోతోంది. నేను టైపు చేస్తాను, ప్రూఫులు చూస్తాను."

"కసూతి వ్యాసం?"

"టైపు నేనే కొట్టాను."

"అందులో ఆ గురుసిద్ధప్ప ఎవరయ్యా?"

అతని కళ్లు మెరిశాయి. "అద్భుతమైన పాత్రండీ! మూడొందల ఏళ్ల కిందటి సామంతరాజు. యుద్ధంనుంచి ఆకలితో తిరిగొచ్చాడు. అతని గౌరవం కోసమే ఇక్కడి ఆడవాళ్లు తేరు కుట్టే ముందు పాలు పొంగించి పొయ్యి ఆర్పుతారు. ఎంత గంభీరమైన దృశ్యం!" ఒక్క క్షణం ఆగాడు. "అని మేడమ్ రాశారు."

"బాగా రాశారు," అంది ఇందక్క. "పెళ్లయిందా బాబూ నీకు?"

"ఇంకా లేదండీ. ఎందుకు?"

"ఊరికే. మాది పెళ్లి వాకబుల ఆఫీసు కూడా."

*

ఈరవ్వ ఇల్లు ఊరికి కాస్త అవతల పల్లెలో ఉంది. అరుగు మీద కూర్చుని ఒక పెళ్లికూతురి చీర కొంగుకి తేరు కుడుతోంది. కళ్లద్దాలకి ఒక కాడ లేదు, దారం కట్టి చెవికి తగిలించుకుంది.

"గంగోత్రి పంపిందా? రండి రండి. ఆ పిల్ల ఒకటి అడిగితే పది రాసుకుంటుంది. నేను తుమ్మితే కూడా రాసుకుంది," అంది. ఇందక్క చీర అంచు పట్టుకుని తిరగేసింది. ముందెలా ఉందో వెనకా అలాగే ఉంది, ఒక్క ముడి లేదు. "నువ్వు తెలిసినదానివే," అంది ఈరవ్వ సంతోషంగా. "బెంగళూరువాళ్లొచ్చి ముందు చూసి మెచ్చుకుపోతారు. కుట్టు సంగతి వెనక కదా తెలిసేది."

"అవ్వా, పాలు పొంగిన పాట చెప్పావంట?"

ఈరవ్వ సూది పట్టుకునే నవ్వింది. "పాటా, పాడా! ఆ పిల్ల మాటల్లో పెట్టేసింది, పొయ్యి మీద పాల సంగతే మర్చిపోయాను. సేరు పాలు నేలపాలు. అప్పుడే ఈయన పొలంనుంచి వచ్చాడు, టీ అంటూ. టీకి పాలేవి? పిల్లేమో, అవ్వా అవ్వా, తాత పేరు చెప్పవా అని ఒకటే గొడవ. అందుకని కట్టి చెప్పాను."

దొడ్లో గేదె దగ్గర తెల్లటోపీ పెట్టుకున్న ముసలాయన ఉన్నాడు. ఇందక్క వెళ్లి ఆయనతో కాసేపు మాట్లాడింది. ఏం చెప్పిందో కానీ, ఆయన టోపీ సర్దుకుని మరీ తలూపాడు.

*

శనివారం ప్రిన్సిపాల్ గదిలో కమిటీ కూర్చుంది. ఒకవైపు తొరగల్ మేడమ్, వెనకాల ఫైళ్లు పట్టుకుని సుదర్శన్. ఎదురుగా గంగోత్రి ఒక్కతే, ఒళ్లో థీసిస్. గోడ పక్కన ఇందక్క, తలుపు దగ్గర సునంద.

"ఇందుమతిగారూ, కమిటీలో డిటెక్టివ్‌లు మాట్లాడొచ్చని రూలు లేదు," అన్నాడు ప్రిన్సిపాల్.

"మాట్లాడకూడదని కూడా లేదు కదా సర్," అంది ఇందక్క. అప్పటికే లేచి నిలబడింది. "ఎక్కువ సేపు పట్టదు. మన ఊళ్లో కసూతి కొనేవాళ్లు ముందు ఏం చేస్తారు? తిరగేస్తారు. నేనూ అదే చేశాను. గంగోత్రి థీసిస్ తిరగేస్తే వెనక పేర్లున్నాయి. ఏ మాట ఎవరిదో, నమ్మొచ్చో లేదో, నవ్వుతూ చెప్పారో ఏడుస్తూ చెప్పారో అన్నీ ఉన్నాయి. అచ్చయిన వ్యాసం తిరగేస్తే ఏమీ లేదు. ఒక్క పేరు లేదు."

"అది నిరూపణ కాదు," అన్నాడు ప్రిన్సిపాల్. "వ్యాసం ముందు వచ్చింది. అనసూయగారు కూడా అదే పల్లెలో అదే పాట సేకరించి ఉండొచ్చు."

"ఉండొచ్చు. అయితే గురుసిద్ధప్ప ఎవరో వారికి తెలిసుండాలి. వ్యాసం ప్రకారం మూడొందల ఏళ్ల కిందటి సామంతరాజు." ఇందక్క తలుపు వైపు తిరిగింది. "రాజుగారూ, దయచేయండి."

సునంద తలుపు తీసింది. తెల్లటోపీ, మోచేతికి గొడుగు, చేతిలో కాగితంలో చుట్టిన మిర్చి బజ్జీ. ముసలాయన లోపలికొచ్చి అందరికీ దండం పెట్టాడు, బజ్జీతో సహా. వెనకే ఈరవ్వ.

"ఎవరండీ మీరు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"గురుసిద్ధప్పనండీ. నాకేదో రాజ్యం ఉందన్నారు. ఎక్కడుందో చెబితే వెళ్లి చూసొస్తాను. మా పొలం అయితే చిత్తడిగా ఉంది."

సునంద ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకుంది. ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమ్మా, నువ్వు చెప్పు. ఈయన పేరేంటి?" అని ఈరవ్వని అడిగాడు.

ఈరవ్వ చుట్టూ చూసింది. అన్ని కుర్చీలు, అంతమంది పెద్దలు. మొగుడి పేరు ఉత్తినే ఎలా చెబుతుంది? కొంగు భుజం మీదికి లాక్కుంది. నవ్వలేదు. కోర్టులో సాక్ష్యం చెప్పే మనిషిలా నిలబడి, గట్టిగా అంది.

పుస్తకంలో రాజట, పుట్టిందేమో మా వీధట,
కత్తి పట్టింది లేదు, గుర్రమెక్కింది లేదు;
పాలు పొంగిన నాడు కూడా పల్లెత్తు మాటనని
గురుసిద్ధప్ప నా మొగుడు, గురుతు రాసుకోండయ్యా!

గదిలో మొదట నవ్వింది అనసూయా తొరగల్. తన పెళ్లినాటి నవ్వు అది. "ఒడపు! ఎంత చక్కటి ఒడపు!" అంది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగింది.

"సుదర్శన్, పాలు పొంగిన ఒడపు మన వ్యాసంలో ఉందా?"

తన పేరుతో అచ్చయిన వ్యాసంలో ఏముందో ఆవిడ ఇంకొకరిని అడిగింది.

"అదే సర్ నిరూపణ," అంది ఇందక్క నెమ్మదిగా. "గంగోత్రి డ్రాఫ్ట్‌లో 'ఒడపు' అన్న మాటకి సున్నా చుట్టి, ఇది ఏమిటి అని అడిగారు ఎవరో. ధార్వాడలో గుమ్మం దాటిన ఏ కోడలూ ఆ ప్రశ్న వెయ్యదు. మేడమ్ అస్సలు వెయ్యరు, వారు తమ ఒడపు నాకు చెప్పి వినిపించారు కూడా. అంటే డ్రాఫ్ట్ దిద్దింది మేడమ్ కాదు. పెళ్లాం మొగుడి పేరు చెప్పిన మాటని వీరగాథ అనుకుని, ఒలికిన పాలని ఆచారం చేసింది కూడా మేడమ్ కాదు. ఈ రెండూ చేసినవాడికి మన ఇళ్ల సంగతి తెలియదు, ఈరవ్వ ముఖం తెలియదు. అతని దగ్గరున్నది ఒక్క కాగితమే. మేడమ్ బల్ల మీద గంగోత్రి పెట్టి వెళ్లిన డ్రాఫ్ట్."

సుదర్శన్ చేతిలోంచి ఫైళ్లు జారాయి. ఏరుకోవడానికి వంగి, అలాగే కింద కూర్చుండిపోయాడు.

"వ్యాసం కావాలన్నారు మేడమ్, పత్రిక ప్రెస్‌కి వెళ్లిపోతోందని," అన్నాడు. "నా దగ్గర ఏమీ లేదు. డ్రాఫ్ట్ దిద్దమని మీరే ఇచ్చారు. బాగుంది. అందులోంచి రాసేశాను."

"వెనక నోట్స్ కూడా ఉన్నాయి కదయ్యా," అంది ఇందక్క.

"అవి వదిలేశాను. పేర్లే కదా అనుకున్నాను."

"ఆ పేర్ల పక్కనే 'నవ్వుతూ చెప్పింది' అని ఉంది బాబూ. అది చదివుంటే నీకు రాజు దొరికేవాడు కాదు."

ప్రిన్సిపాల్ ఏదో అనబోయాడు. తొరగల్ మేడమ్ చెయ్యెత్తి ఆపింది. లేచి నిలబడింది. ముఖం పాలిపోయింది కానీ వీపు మాత్రం నిటారుగానే ఉంది.

"అతను దొంగిలించాడు. నేను రాయని దానికి సంతకం పెట్టాను. చదవను కూడా లేదు. చదివుంటే మొదటి పాదంలోనే పట్టుకునేదాన్ని," అంది. "ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పాను, ఎవరి మాట వాళ్లకివ్వండి అని. ఈ ఒక్క పిల్ల విన్నది. నేనే వినలేదు." గంగోత్రి వైపు తిరిగింది. "వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని, అది ఎవరి రాతో, నేను ఏం చేశానో వచ్చే పత్రికలో నేనే రాస్తాను. ఈసారి నా చేత్తో. నీ థీసిస్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదమ్మా. గర్వం ఉంది. ఆ హక్కు నాకు లేకపోయినా ఉంది."

గంగోత్రి అప్పుడు ఏడ్చింది. వానలో తడిసి వచ్చిన రోజు కూడా ఏడవని పిల్ల.

"ఏడుపు తర్వాత," అంది మేడమ్, ఆవిడ కళ్లూ తడిగానే ఉన్నాయి. "ఆ నోట్స్ పేజీలు చదువు. గట్టిగా. కమిటీ వినాలి. ఇంతవరకు ఎవరూ చదవలేదు."

గంగోత్రి థీసిస్ తిరగేసి చదవడం మొదలుపెట్టింది. పేరు తర్వాత పేరు. ఊరు తర్వాత ఊరు. ఎవరి తేరు, ఎవరి చిలక, ఎవరి గోపురం. సూది ఎలా సాగదీస్తారో తన తండ్రి చెప్పిన వాక్యం దగ్గర ఆయన పేరు కూడా ఉంది. సునందకి ఆ గదిలో గోడల వెంట బోలెడంతమంది ఆడవాళ్లు వచ్చి నిలబడినట్టు అనిపించింది. ఇందక్క వైపు చూసింది. ఇందక్క ప్రిన్సిపాల్ బల్ల మీది పేఢా ఒకటి తీసి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని వింటోంది.

ఈరవ్వ పేరు వచ్చింది.

"ఆగాగు," అంది ఈరవ్వ. దగ్గరికి వచ్చి పేజీ మీద వేలు పెట్టింది. "ఎక్కడ?"

గంగోత్రి ఆ వేలు పట్టుకుని సరైన వరుస మీదికి జరిపింది. ఈరవ్వ అక్షరాల మీద వేలితో ఒకసారి అటు వెళ్లింది, అదే దారిలో మళ్లీ ఇటు వచ్చింది, కుట్టు కుట్టినట్టే. తర్వాత పేజీ తిప్పి వెనకవైపు కూడా చూసింది.

"బాగుంది," అంది. "మళ్లీ చదువు."

గంగోత్రి మళ్లీ చదివింది.

"నా పేరు లేదా?" అన్నాడు గురుసిద్ధప్ప బజ్జీ నములుతూ.

"ఉందిగా, నా పాటలో," అంది ఈరవ్వ. "ఇంకెక్కడుండాలి?"

గంగోత్రి పెన్ను తీసింది. కొత్త ఒడపు నాలుగు పాదాలూ అంచులో రాసుకుని, అలవాటు ప్రకారం కింద నోట్ పెట్టింది.

'ఈరవ్వ, మాటల్లో. ప్రిన్సిపాల్‌గారి గదిలో అందరి ముందు. ఈసారి నవ్వకుండా చెప్పింది.'